మచ్చ చుట్టూ నీలం గీత

మొన్న ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు బస్సులో వస్తున్నాను. నా ముందు సీట్లో ఒక నడివయసు ఆవిడ కూర్చుని ఉంది. ఆమె జడ పక్కన, మెడ మీద, మినపగింజంత పుట్టుమచ్చ. దాని చుట్టూ రూపాయి బిళ్లంత మేర చర్మం ఎర్రబడి పొట్టు లేస్తోంది. ఆమె చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోతోంది. నా చెయ్యి నా చొక్కా జేబులోకి పోయింది. పెన్ను సగం బయటికి తీశాక నేనేం చేయబోతున్నానో అర్థమై సిగ్గేసింది. పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నాను. అయినా ఉండబట్టలేక, "అమ్మా, దానికి సున్నం పెట్టొద్దు" అన్నాను.

ఆమె గిరుక్కున తిరిగింది. "నేను సున్నం పెట్టాలనుకున్నట్టు నీకెట్ట తెలిసిందయ్యా?"

"ఒక పెద్దాయన చెప్పినాడు లేమ్మా. చర్మం డాక్టరుకు చూపించుకో."

"ఏ పెద్దాయన?"

అది బస్సులో చెప్పేంత చిన్న సంగతి కాదు. ఆయన పోయి మూడు నెలలైంది.

ఆయన ప్రభుత్వాసుపత్రిలో డ్రెస్సర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. పుండ్లు కడగడం, కట్లు కట్టడం, కుట్లు విప్పడం, ఇవీ ఆయన పనులు. రిటైరయ్యాక ఉదయగిరిలో, దుర్గం కొండ కనిపించే ఒక సందులో ఉండేవాడు. ఆయన అసలు పేరు ఆ సందులో చాలామందికి తెలియదు. గీతలాయన అనేవాళ్లు. ఎవరు ఏ వాపుతో వచ్చినా, దద్దురుతో వచ్చినా, పురుగు కుట్టి వచ్చినా, ఆయన ముందు చేసే పని ఒక్కటే. జేబులోంచి నీలం బాల్‌పెన్ను తీసి, ఎరుపు ఎక్కడిదాకా ఉందో సరిగ్గా ఆ అంచు వెంబడి చర్మం మీద గీత గీసేవాడు. పక్కన చిన్న అంకెల్లో తేదీ వేసేవాడు.

"వారానికి రా. గీత దాటిందో లేదో చూద్దాం."

"మందేం లేదా?" అని అడిగితే, "నేను డాక్టరునా మందు ఇచ్చేదానికి? నాకు తెలిసింది గీతే. దాటితే డాక్టరు దగ్గరికి నేనే తోలిస్తాను. దాటకపోతే నీ ఇంటికి నిన్ను తోలిస్తాను" అనేవాడు.

గీసేటప్పుడు మనిషి కదలకుండా ఉండడానికి ఆయనకొక ఉపాయం ఉండేది. "కొండ మీద మేకలు ఎన్ని ఉండాయో చెప్పు" అనేవాడు. వచ్చినవాళ్లు కొండ వైపు తిరిగి, కళ్లు చికిలించి లెక్కపెట్టేవాళ్లు. చాలా రోజులు అక్కడ మేకలు ఉండేవి కావు. వాళ్లు ఆ మాట కనిపెట్టేలోపల గీత పూర్తయ్యేది. చర్మాన్ని వేలితో తాకేవాడు కాదు. ఉదయగిరిలో చెక్కే చెక్క స్పూను ఒకటి దగ్గర పెట్టుకుని, దాని కాడతో మెల్లగా నొక్కి చూసేవాడు. అదే కాడతో మనుషులను అదిలించేవాడు కూడా. ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే "రీఫిల్ తెచ్చి పెట్టు" అనేవాడు. ఆయన బల్ల సొరుగులో రీఫిళ్లు కట్టలు కట్టలుగా పడి ఉండేవి.

నాకు ఆత్మకూరు బస్టాండు దగ్గర చిన్న జెరాక్స్ అంగడి ఉంది. చదువు పదో తరగతితో ఆగిపోయింది కానీ, శాఖా గ్రంథాలయంలో నేను తిరగేయని అల్మారా లేదు. చరిత్ర, ఖగోళం, వైద్యం, దేన్నీ వదల్లేదు. ఆయన ఒకసారి పెన్షను కాగితాలు జెరాక్స్ తీయించుకోవడానికి వచ్చాడు. వాటితోపాటు ఆయన పాత పదో తరగతి సర్టిఫికెట్టు ఉంది. మన సర్టిఫికెట్లలో మనిషిని గుర్తుపట్టడానికి రెండు పుట్టుమచ్చలు రాస్తారు కదా, అది నేను అలవాటు కొద్దీ పైకి చదివాను. "ఎడమ భుజం వెనక పుట్టుమచ్చ."

ఆయన నవ్వాడు. "దాన్ని నేను ఇంతవరకు చూళ్లేదబ్బయ్యా. అయ్యవారు అందరి చొక్కాలు విప్పించి, వెతికి వెతికి రాసినాడు. ఉండాదని ఆయన రాసినాడు, నేను నమ్మినాను."

అంతలో నేను గాజు మీద కాగితం సర్దుతున్న చేతిని పట్టుకుని ఆపాడు. నా మణికట్టు మీద ఒక పులిపిరి ఉండేది. దాని చుట్టూ ఎర్రబడి కొన్నాళ్లుగా దురద పెడుతోంది. నన్నడక్కుండానే జేబులోంచి పెన్ను తీసి గీత గీసేశాడు. "వచ్చే ఆదివారం ఉదయగిరికి రా. కొండ చూసినట్టూ ఉంటాది."

అలా మొదలైంది మా స్నేహం. నా పులిపిరి గీత దాటలేదు కానీ, నేను మాత్రం ఆదివారాలు ఆ గడప దాటడం అలవాటు చేసుకున్నాను. ఆయన నన్ను పేరుతో పిలిచేవాడు కాదు. "ఏమయ్యా గ్రంథాలయం, ఈ వారం ఏం చదివినావు?" అనేవాడు. నేను చదివింది చెబితే శ్రద్ధగా వినేవాడు. తర్వాత, "ఇదంతా రాసినాయన పుండు కడిగినాడంటావా?" అని ఒక్క ప్రశ్న అడిగేవాడు.

ఆయన దగ్గర ఒక పొడుగాటి నోటు పుస్తకం ఉండేది. సర్వీసంతా తాను చూసిన పుండ్లు, మచ్చలు అందులో పెన్నుతో బొమ్మలు వేసుకున్నాడు. ముందువైపు తెలిసినవి, పేర్లతో. వెనకనుంచి తిప్పితే ఇంకో శీర్షిక. "పేరు తెలియనివి." వెనకవైపు పేజీలే ఎక్కువ నిండి ఉండేవి. ఆ సంగతి ఆయన దాచుకునేవాడు కాదు. ఎవరికైనా ముందు ఆ వైపే తిప్పి చూపించేవాడు.

మా అక్క కూతురు అప్పుడు మా ఇంట్లోనే ఉండి కోచింగుకు పోయేది. కానిస్టేబులు పరీక్షలో నెగ్గింది. ఇంకా మూడు వారాల్లో సర్టిఫికెట్లు సరిచూసే రోజు, ఆ వెంటనే వైద్య పరీక్ష. సరిగ్గా అప్పుడే దాని మెడ కుడివైపు ఉన్న పుట్టుమచ్చ చుట్టూ ఎర్రటి వలయం లేచింది. పొట్టు, దురద. మందుల షాపులో తామర అని ఒక పూత ఇచ్చారు. దాంతో ఇంకా మండింది.

మా అమ్మ సున్నం, సోడా కలిపి తెచ్చింది. "రవ్వంత పెడితే దురదా పోతాది, ఆ పాడు మచ్చా రాలిపోతాది."

"అవ్వా, మచ్చ పోతే నా ఉద్యోగం పోతాది! సర్టిఫికెట్లో ఆ మచ్చే రాసుండాది."

"మచ్చ చూసి ఉద్యోగం ఇస్తారంటమ్మే? మొహం చూసి ఇస్తారు కానీ."

నా భయం వేరు. మచ్చలో మార్పు వస్తే అది క్యాన్సరు కావచ్చునని నేను చదివాను. చదివింది పైకి చెప్పాను. పిల్ల మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నేను చదివినదాంట్లో అబద్ధం లేదు. కానీ దాన్ని ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలో ఆ పుస్తకంలో లేదు.

ఆదివారం పిల్లను ఉదయగిరికి తీసుకుపోయాను. ఆయన చెక్క స్పూను కాడతో జుట్టు పక్కకు తొలగించి చాలాసేపు చూశాడు.

"అమ్మే, ఒకటే అడుగుతాను, ఆలోచించి చెప్పు. మచ్చ మారిందా, మచ్చ చుట్టూ ఉండేది మారిందా?"

పిల్ల ఆలోచించింది. "మచ్చ ఎప్పట్లాగే ఉండాది తాతా. చుట్టూనే."

"మీ మామ ఆ రెండూ కలిపేసి చదివినట్టుండాడు." నా వైపు స్పూను తిప్పాడు. "సున్నం పెట్టినారా?"

"అవ్వ పెడతానంటా ఉండాది."

"పెట్టిందంటే తర్వాత ఏ డాక్టరైనా ఏం చూస్తాడు? బొబ్బను చూస్తాడు. మచ్చ ఏం చెప్పాలనుకుందో ఎవరికీ తెలియకుండా పోతాది. వద్దని చెప్పు. షాపు పూత ఆపెయ్. వారం చూద్దాం. ఈలోపల మచ్చ రంగు మారినా, రక్తం కారినా నా కోసం ఆగొద్దు, నెల్లూరు బస్సెక్కండి. ఇప్పుడు కొండ మీద మేకలు లెక్కపెట్టు."

గీత గీసి తేదీ వేశాడు. పిల్ల "మేకలు లేవు తాతా" అనేసరికి ఆయన పెన్నుకు మూత పెడుతున్నాడు.

శుక్రవారం నేను అంగట్లో ఉన్నప్పుడు మా అమ్మ పిల్లకు తలంటి పోసింది. మెడ మీద సిరా కనిపించిందట. వంటికి సిరా మంచిది కాదని సున్నిపిండి పెట్టి బాగా రుద్దింది. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి గీత లేదు, తేదీ లేదు.

గీత లేకపోతే ఆయన ఇంకో వారం ఆగమంటాడు. సర్టిఫికెట్ల రోజుకు రెండు వారాలే ఉంది. పిల్లే అంది, "మామా, నువ్వు చూసినావు కదా, నువ్వే గీసెయ్యి."

గీశాను. అదే నీలం రంగు, అదే తేదీ. గుర్తున్నంతవరకు అదే చోట. కాస్త బయటికి జరిపి గీశాను. ఎందుకు జరిపి గీశానో అప్పుడు నన్ను నేను అడగలేదు.

ఆదివారం ఆయన ముందు కూర్చున్నాం. పిల్ల ముందే అనేసింది, "తగ్గింది తాతా! గీతకు లోపలికి వచ్చింది!"

ఆయన పిల్ల మెడ మీదికి వంగాడు. కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ వంగాడు.

"దీనికి దారేది?"

మాకు అర్థం కాలేదు.

"నా గీతకు కింద వడ్లగింజంత సందు ఉంటాది. ఎప్పుడూ మూయను. మూసేస్తే లోపల ఉండేది అయిపోయిందని మన కన్ను ఊరుకుంటాది. ఇంకా చూడాల్సింది ఉండాదని నాకు నేను పెట్టుకున్న గుర్తు అది. ఇది మూసేసి ఉండాది. ఎవరు గీసినారు?"

నేనే అని చెప్పాను. మా అమ్మ రుద్దింది, గడువు దగ్గరపడింది, నాకు గుర్తుంది కదా అనుకున్నాను, అంటూ అన్నీ చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన దూదిని స్పిరిటులో ముంచి నా గీతను మెల్లగా తుడిచేశాడు.

"గుర్తు పెట్టుకుని గీసేది గీత కాదబ్బయ్యా, బొమ్మ. నువ్వు తగ్గాలనుకున్నావు, నీ చెయ్యి తగ్గినట్టు గీసింది. అది పెరిగుంటే? ఈ బిడ్డ నీ గీతను నమ్మి ఇంటికాడ కూర్చునుంటే?" దూదిని పక్కన పడేశాడు. "చెరిగిపోతే చెరిగిపోయిందని చెప్పు. దాంట్లో సిగ్గేముండాది? రోజూ చెరిగిపోతానే ఉంటాయి గీతలు."

"ఫోనులో ఫోటో తీసి పెట్టుకుని ఉంటే సరిపోయేది" అన్నాను నెమ్మదిగా.

"వెలుగు మారితే ఫోటోలో మచ్చ మారతాది. దాన్నీ తీసుకో, వద్దనను. కానీ చర్మం మీద గీత చర్మంతోపాటే నడస్తాది." మళ్లీ కొత్త గీత గీశాడు, కింద సందు వదిలి, ఆ రోజు తేదీ వేసి. "పోయిన వారం సంగతి నాకు తెలీదు. తెలీనిదాని మీద ఈ బిడ్డను కూర్చోబెట్టలేను. రేపు నెల్లూరు పోదాం."

పోండి అనలేదు. పోదాం అన్నాడు. తెల్లారి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో ఆత్మకూరు బస్టాండులో మాకంటే ముందే నిలబడి ఉన్నాడు.

చర్మం డాక్టరు వెలుగున్న చిన్న అద్దంతో మచ్చను చూశాడు. ఈయన గోడవైపు, తలుపు పక్కన నిలబడ్డాడు. "ఈ గీత ఎవరు గీశారు?" అని డాక్టరు అడిగాడు.

"నేనే సార్. నిన్నటిది. ముందు వారం గీత ఒకటి ఉండింది, చెరిగిపోయింది. ఆ వారం గురించి నాకు తెలీదు సార్."

నా పేరు ఎత్తలేదు. డాక్టరు లేచి కుర్చీ లాగి, "కూర్చోండి పెద్దాయనా" అన్నాడు. మచ్చలో దోషమేమీ లేదు, దాని చుట్టూ ఎగ్జిమా లేచింది, మచ్చ జోలికి పోకుండా చుట్టూ ఈ పూత రాయండి, తగ్గకపోయినా మచ్చ మారినా మళ్లీ రండి, అప్పుడు తీసి పరీక్షకు పంపుదాం అన్నాడు. సున్నం పెట్టకపోవడం చాలా మంచి పనైందని కూడా అన్నాడు.

తిరుగు ప్రయాణంలో సంగం దాటేదాకా ఆయన కిటికీలోంచి వరిచేలు చూస్తూ ఉండిపోయాడు. పెన్నాలో నీళ్లు కనిపించాక అన్నాడు, "కుర్చీ వేసినాడబ్బయ్యా." సర్వీసంతా డాక్టర్ల పక్కన నిలబడి పనిచేసిన మనిషి. ఆ రోజు గురించి ఆయన అన్న మాట ఆ ఒక్కటే.

పది రోజులకు ఎరుపు పోయింది, మచ్చ మిగిలింది. సర్టిఫికెట్ల రోజు అధికారి కాగితం వైపొకసారి, పిల్ల మెడ వైపొకసారి చూసి సంతకం పెట్టాడట. "ఆ మాత్రం దానికేనా మనం ఇంత ఏడ్చింది?" అంది మా అమ్మ.

నాకు మాత్రం పని మిగిలిపోయింది. డాక్టరు చీటీలో ఏదో ఒక పేరు రాశాడు. నెల్లూరులో పెద్ద గ్రంథాలయానికి రెండు సార్లు తిరిగి, ఇంగ్లీషు వైద్య గ్రంథం ఒకటి దించి, నిఘంటువు పక్కన పెట్టుకుని పేజీన్నర చదివాను. పుట్టుమచ్చల చుట్టూ, అరుదుగా చర్మం మీద లేచే మరికొన్ని కాయల చుట్టూ, ఇలా వలయంలా ఎగ్జిమా రావడం ఉందట. దాన్ని మొదట రాసిన ఒక డాక్టరు పేరే దానికి పెట్టారు. కాగితం మీద రాసుకుని ఉదయగిరికి పోయి ఆయనకు చదివి వినిపించాను.

ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. "పేరుండాదా దీనికి?"

నోటు పుస్తకం తెచ్చి వెనకనుంచి తిప్పాడు. నాలుగు బొమ్మలు చూపించాడు. ఒకటి వీపు మీద, ఒకటి తొడ మీద, రెండు చేతుల మీద. మధ్యలో చుక్క, చుట్టూ వలయం. ఎప్పటెప్పటివో, వెలిసిపోయిన సిరా.

"సర్వీసులో నలుగురికి చూసినాను. తామర కాదని తెలుసు. ఏందో చెప్పేదానికి తెలీలా. వీళ్లలో ఒకామె కలిగిరి నుంచి వచ్చింది, ఏందయ్యా ఇది అని అడిగింది. తెలీదమ్మా అన్నాను." పుస్తకం నా ఒళ్లో పెట్టాడు. "రాయి గ్రంథాలయం. నాలుగింటి కిందా రాయి. నీ చేత్తోనే."

మూసిన గీత గీసిన చెయ్యి అది. రాయించాడు. నేను రాస్తుంటే ఆ విదేశీ పేరును నోట్లో రెండు మూడు సార్లు తిప్పుకుని, "పలకడానికి మనవల్ల కాదులే, ఉంటే చాలు" అని మనసారా నవ్వాడు. మనం కంటితో చూసింది ఎక్కడో పుస్తకంలో ఉందని తెలిస్తే అంత సంతోషపడే మనిషిని నేను మళ్లీ చూడలేదు. పుస్తకాలు చదివేవాళ్లలో కూడా చూడలేదు.

పోయిన ఎండాకాలం ఆయన ఫోన్ చేశాడు. "అబ్బయ్యా, నా సర్టిఫికెట్లో ఉండే మచ్చ దురద పెడతా ఉండాది. నా చెయ్యి అందదు. మీ అక్కకు చూపు ఆనదు. నువ్వొచ్చి గీయాల." మీ అక్క అంటే ఆయన భార్య. ఆమె కళ్లు అప్పటికే మసకబారి ఉన్నాయి.

చొక్కా తీసి, వీపు నా వైపు తిప్పి కూర్చున్నాడు. ఎడమ భుజం వెనక నిజంగానే మచ్చ ఉంది. చుట్టూ ఎర్రటి వలయం. ముందు ఫోనులో ఫోటో తీసి చూపించాను. "ఇదా! ఇన్నేళ్లు నా వెనకాల తిరిగింది ఇదా!" అని భార్యకు కూడా చూపించబోయాడు. ఆమె "నేను పెళ్లయిన కాడినుంచి చూస్తానే ఉండా లే" అంది.

నేను పెన్ను తీశాను. ఆయన కొండ వైపు తిరిగి, నేనేమీ అడక్కముందే, "మేకలు లేవు, గీయి" అన్నాడు. అంచు వెంబడి గీశాను. కింద వడ్లగింజంత సందు వదిలాను. తేదీ వేశాను.

తర్వాత ప్రతి ఆదివారం నేను చొక్కా పైకెత్తడం, ఆయన "దాటిందా?" అనడం. మొదటి వారం దాటింది. దాటలేదని చెప్పాలనిపించింది. "దాటింది సార్, నూలు మందం" అన్నాను. "ఊఁ, సరిగ్గా చెప్పినావు" అని, సోమవారం నెల్లూరు పోయి అదే డాక్టరుకు చూపించుకున్నాడు. మచ్చ మంచిదే అన్నారు. పూత ఇచ్చారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం పాత గీత చెరిపి కొత్త గీత గీస్తూ వచ్చాను.

ఒక గురువారం మధ్యాహ్నం అన్నం తిని, చాప మీద పడుకుని, ఆయన మళ్లీ లేవలేదు. గుండె అన్నారు.

నేను పోయేసరికి శవపెట్టెలో పెట్టేముందు స్నానం చేయిస్తున్నారు. ఆయన కొడుకు నీళ్లు పోస్తున్నాడు. ఒక వైపుకు తిప్పినప్పుడు భుజం వెనక నీలం గీత కనిపించింది. "ఇదేంది, సిరా అంటుకుంది. సబ్బు ఇట్టియ్యండి" అన్నాడు ఎవరో.

నేను దగ్గరికి పోయి వంగి చూశాను. ఆదివారం గీత. తేదీ ఉంది. కింద సందు ఉంది.

ఆయన భార్య కుర్చీలో కూర్చుని, చూపు ఆనని కళ్లతో నా వైపు తిరిగింది. ఆదివారాలు ఆ ప్రశ్న ఆమె కూడా వింటూ వచ్చింది.

"దాటిందా అబ్బయ్యా?"

"లేదక్కా. లోపలికొచ్చింది."

"నిజంగానా?"

"నిజంగానే అక్కా. గోరంత లోపలికొచ్చింది."

ఆమె కొడుకు వైపు చెయ్యి చాచింది. "అయితే రుద్దబాకండి. ఉండనీ."

తుండుతో మెల్లగా అద్ది, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడిగారు.